ఇరవై నాలుగు మంది పెళ్లికొడుకులు

ఆ గురువారం ఉదయం ఎస్తర్ రాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ఇడ్లీలు, తొమ్మిదింటికి ఆఫీసు, పదింటికి గోడల మీది చార్టులు సరిచేయడం, పదకొండింటికి బల్ల మీద ఇరవై నాలుగు కర్ర నమూనాలను వరసగా నిలబెట్టడం. మధ్యాహ్నం మూడింటికి కొలంబో మేడమ్ వస్తుంది. ఏడు దేశాల్లో ఎయిడ్స్ నివారణ పనులకు నిధులు ఇప్పించి, ఎవరెక్కడ ఏం చేస్తున్నారో చూసే ప్రాంతీయ కార్యాలయంలో ఆవిడ పెద్ద. ఆ ఏడు దేశాల్లో మనదొకటి. మన దేశంలో ఓ మూల నర్సీపట్నం. నర్సీపట్నంలో కూరగాయల మార్కెట్టు వెనక ఓ మేడగది. ఆ గది ఇంకో మూడేళ్లు తెరిచి ఉంటుందా, మార్చి నెలాఖరుకి మూతపడుతుందా అన్నది ఆవిడ ఇవాళ రాసుకునే రెండు పేజీల్లో తేలిపోతుంది.

మూతపడితే రాణి ఉద్యోగం పోతుంది. అదొక్కటే అయితే ఆమె అంత కంగారు పడేది కాదు. అప్పలలక్ష్మి మాటే ఆమెను రాత్రంతా కుదురుగా పడుకోనివ్వలేదు. లారీ నడిపే మొగుడు పోయాక, అతనికున్న జబ్బే తనకూ ఉందని తెలిశాక, అప్పలలక్ష్మి ఆ గదిలో చిన్న పనికి కుదిరింది. ఊడుస్తుంది, వచ్చినవాళ్లకి మంచినీళ్లిస్తుంది, తనలాంటి పదముగ్గురు ఆడవాళ్లను పోగుచేస్తుంది. నెలకోసారి వాళ్లందరినీ రాణి విశాఖపట్నం పెద్దాసుపత్రికి మందుల కోసం తీసుకెళ్తుంది. నిన్న తిరుగు బస్సులో అప్పలలక్ష్మి అడిగింది.

"మేడమ్ గారూ, ఆఫీసు ఎత్తీస్తే మమ్మల్ని ఎవలు తీసుకెల్తారు? అక్కడ ఏ గదికెల్లాలో బోర్డు సదవడం మాకెవలికీ రాదు కదా."

రాణి చేతిలోని వేరుశనక్కాయల పొట్లం ఆమె ఒళ్లో పెట్టింది.

ఇక ఆ కర్ర నమూనాల సంగతి. నిరోధ్ ఎలా వాడాలో ఆడవాళ్లకు చూపించాలంటే మగవాడి అవయవం ఆకారంలో ఒక నమూనా కావాలి. నిరోధ్ పెట్టెలు ఒక దేశం ఇచ్చిన డబ్బుతో ఢిల్లీ నుంచి వచ్చాయి. అవి ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు ఇంకో దేశం ఇచ్చిన డబ్బుతో హైదరాబాదు నుంచి వచ్చాయి. నమూనాలు మూడోవారు పంపాలి. ఆ మూడోవారెవరో చెప్పమని రాణి ఎన్ని ఉత్తరాలు రాసినా పలకలేదు. ఎనిమిది నెలల తర్వాత ఒక జవాబు వచ్చింది. 'స్థానికంగా సమకూర్చుకోగలరు. పండ్లు, కూరగాయలు వాడరాదు.'

స్థానికంగా కర్ర పని అంటే ఏటికొప్పాకే కదా. రాణి కాగితం మీద కొలతలతో సహా గీసి భర్త చేతికిచ్చింది. బెన్హర్ యలమంచిలి స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఏటికొప్పాక అక్కడికి దగ్గర. బొమ్మలు చేసే జోగులు ఆయనకు తెలిసినవాడే.

ఇడ్లీలు దించుతూ రాణి అత్తగారిని అడిగింది.

"అత్తయ్యా, ఏటికొప్పాక నుంచి ఒక గోతాం రావాలి. ఇవాళ మొదటి బస్సుకి వస్తుందేమో, కాస్త చూస్తారా?"

సువార్తమ్మ కళ్లజోడు తుడుచుకుంటూ తాపీగా అంది. "ఇవాలేటి, నిన్ననే వొచ్చీసింది. పంచీసాను."

"ఏం చేశారూ?"

"పంచీసానమ్మా! నిన్న మన చర్చి స్త్రీల సమాజం వార్షికోత్సవం కాదేటి? వొచ్చినోళ్ల సేతిలో ఏటి పెట్టాలా అని నేను కొట్టుకుంటంటే, దేవుడు పంపినట్టు గోతాం వొచ్చింది. 'ఆడవాళ్ల మీటింగుకి' అని సీటీ కూడా ఉంది. లెక్కెడితే ఇరవై నాలుగు. సబ్యులూ ఇరవై నాలుగే! నాదదిగో."

రాత్రి విశాఖ నుంచి పొద్దుపోయి వచ్చి పడుకున్న రాణి అప్పుడు తిరిగి చూసింది. ముందుగదిలో టీవీ మీద, ప్లాస్టిక్ గులాబీల పక్కన, జానెడు ఎత్తున ఎర్రటి లక్క పూతతో మెరిసిపోతూ నిలబడి ఉంది. కొలతలు అక్షరాలా రాణి గీసినవే. కాకపోతే పైభాగంలో పెద్ద పెద్ద కళ్లు, వాటి కింద మెలితిరిగిన మీసం, ఆ పైన పసుపుపచ్చ తలపాగా.

"పెల్లికొడుకు బొమ్మ," అంది సువార్తమ్మ మురిపెంగా. "కరుణమ్మ టీచరైతే, 'ఈ వొయసులో నాకు పెల్లికొడుకుని తెచ్చావా వొదినా' అని ఒకటే నవ్వు."

రాణి వంటింటి గుమ్మం పట్టుకుని, "ఏవండీ!" అని కేకేసింది. గడ్డానికి సబ్బు నురగతో బెన్హర్ వచ్చాడు. టీవీ వైపు చూశాడు. నురగ లేని చోటల్లా మొహం తెల్లబోయింది. భార్యను పెరట్లోకి లాక్కుపోయి గొంతు తగ్గించాడు.

"నేనేం చేసేది రాణీ? వెళ్లేసరికి అరుగు మీద జోగులు తల్లి, పెళ్లాం, కోడలు కూర్చునున్నారు. వాళ్ల ముందు ఎలా చెప్పను? కాగితం చేతిలో పెట్టి, 'మా ఆడవాళ్ల మీటింగుకి బొమ్మలు' అనేసి బస్సెక్కేశాను."

"మరి ఆ మీసాలేంటండీ?"

"జోగులు నిన్న స్కూలుకి ఫోన్ చేశాడు. కళ్లు దిద్దని బొమ్మ వాళ్ల గడప దాటకూడదట. వాళ్ల తాతలనాటి పట్టింపు. మీసం మాత్రం వాళ్లమ్మ రామాయమ్మ సొంత ముచ్చట."

రాణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తనిఖీ కాగితంలో 'నమూనాలు – ఇరవై నాలుగు – కంటితో చూడవలెను' అని ఉంది. అవి ఇప్పుడు ఇరవై నాలుగు భక్తురాళ్ల ఇళ్లల్లో ఉన్నాయి. మూడేళ్లుగా ఆ భక్తురాళ్లెవరూ ఆమె ఆఫీసు మెట్లెక్కలేదు. సొంత అత్తగారే, "ఆ గదిలో పచ్చి మంచినీళ్లు ముట్టను," అని ఒట్టేసుకుని కూర్చుంది.

నిజం చెప్పడానికి నోరు రాక, అత్తగారి బొమ్మను సంచిలో వేసుకుని రాణి కరుణమ్మ టీచరు ఇంటికి పరిగెత్తింది. షోకేసులో, పెళ్లి ఫొటోకీ వెండి కప్పుకీ మధ్య పెళ్లికొడుకు మీసం మెలేసుకుని నిలబడి ఉన్నాడు.

"టీచరు గారూ, ఆ బొమ్మ ఒకసారి వెనక్కి ఇస్తారా? రంగులో ఏదో దోషం ఉందట."

"ఏటికొప్పాక రంగుకి దోషమేటమ్మా? సెట్ల నుంచి తీసిన రంగులు. నలబై యేళ్లు పిల్లకాయలకి పాటం సెప్పాను, నాకు సెప్తావేటి?"

"అంటే... ముట్టుకోకపోవడం మంచిదని..."

"ఎవలన్నారు?"

"మా ఆఫీసు వాళ్లు," అంది రాణి తోచక. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ తానేం అందో ఆమెకు తెలియలేదు. కరుణమ్మ టీచరు చీర కొంగుతో బొమ్మను పట్టి సంచిలో పడేసి, సరాసరి ఫోన్ దగ్గరికి నడిచింది.

రాణి రెండో ఇంటికి చేరేలోపు ఫోన్ మూడు ఇళ్లు దాటింది. మొదటి ఇంట్లో రంగులో దోషం ఉందన్నారు. రెండో ఇంట్లో ముట్టుకుంటే జబ్బొస్తుందట అన్నారు. మూడో ఇంట్లో పాస్టరమ్మగారు ఆలోచించి, "ఆ పిల్ల పనిచేసేది ఎయిడ్స్ ఆఫీసులో. మరింకే జబ్బు అవుతాది?" అని తేల్చేశారు. అక్కణ్నుంచి కబురు మార్కెట్టుకి పాకింది. మార్కెట్టులో వంకాయలమ్మే వరలక్ష్మమ్మ, సమాజం సభ్యురాలు కాకపోయినా, నిన్న కరుణమ్మ టీచరు బొమ్మ చూపిస్తే మీసం మీద వేలు పెట్టి చూసింది. ఆ వేలు చూసుకుని ఆమె పెట్టిన గోలకి బేరాలు ఆగిపోయాయి.

పన్నెండయ్యేసరికి రాణి సంచిలో రెండే బొమ్మలున్నాయి. మిగతా ఇళ్లకు తాళాలు. ఈ సమయంలో అందరూ ఎక్కడికి పోయారబ్బా అనుకుంటూ ఆఫీసుకి వచ్చేసరికి సంగతి తెలిసింది. మెట్ల కింది నుంచి మార్కెట్టు మూల దాకా ఆడవాళ్లు. ఒకరు బొమ్మను న్యూస్‌పేపరులో చుట్టి తెచ్చారు, ఇంకొకరు పటకారుతో పట్టుకుని తెచ్చారు. పాస్టరమ్మగారు టర్కీ తువ్వాలులో చుట్టి, రిక్షాలో తనకు దూరంగా పెట్టుకుని తెచ్చారు. వరలక్ష్మమ్మ వేలు పైకెత్తి పట్టుకుని నిలబడింది. అందరికంటే ముందు సువార్తమ్మ.

"రాణీ! బేగి రక్తం పరీక్షలు సెయ్యించు! నేను రాత్రంతా దాన్ని కొంగుతో తుడిసేనే తల్లీ!"

"అందరూ పైకి రండి, చెబుతాను," అంది రాణి. ఆ గదిలో సమావేశం పెడితే అయిదుగురు వస్తే పండగ. ఇవాళ నిలబడ్డానికి చోటు లేదు. సర్దుకుని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఒకళ్లనొకళ్లు తోసుకోకుండా ఆపేసరికే రెండు దాటింది. ఇక అసలు సంగతి ఎలా మొదలుపెట్టాలా అని ఆమె గొంతు సవరించుకుంటుండగా కింద జీపు ఆగింది. కొలంబో మేడమ్ అరగంట ముందే వచ్చేసింది.

ఆవిడతో హైదరాబాదు నుంచి వచ్చిన అధికారి మన్మథరావు గుమ్మంలోనే ఆగిపోయాడు. తనిఖీ ఫైలును ఛాతీకి అదుముకుని, "ఏమిటండీ ఇది, ధర్నానా?" అన్నాడు.

రాణికి అబద్ధాలన్నీ అయిపోయాయి. వెనక నిలబడ్డ అప్పలలక్ష్మి మొహం చూసింది. ఆ మొహంలో, 'మమ్మల్ని ఎవలు తీసుకెల్తారు?' అన్న ప్రశ్న నిన్నటిలాగే ఉంది. పోయేదెలాగూ పోతుంది, నిజం చెప్పి పోగొట్టుకుందాం అనుకుంది. సంచిలోంచి అత్తగారి బొమ్మను తీసి బల్ల మీద నిలబెట్టింది.

"బొమ్మల్లో ఏ జబ్బూ లేదు. రంగు దోషం నేను చెప్పిన అబద్ధం. క్షమించండి. ముట్టుకుంటే, తుడిస్తే, ఒక గ్లాసుతో తాగితే ఆ జబ్బు రాదు. అసలీ బొమ్మలు ఎందుకు చేయించానంటే..."

ఎదురుగా అత్తగారు, పాస్టరమ్మగారు, తనకు రెండో తరగతిలో ఎక్కాలు చెప్పిన కరుణమ్మ టీచరు. అప్పుడు అప్పలలక్ష్మి జనంలోంచి ముందుకొచ్చింది. సొరుగులోంచి ఒక నిరోధ్ తీసి, అంచు చించి, పెళ్లికొడుకు నెత్తిన పెట్టి, నింపాదిగా కిందికి తొడిగింది. పసుపు తలపాగా మూతపడింది. పెద్ద కళ్లు మసకబారాయి. మెలితిరిగిన మీసం లోపల అణిగిపోయింది.

"ఇందుకమ్మా," అంది. "ఇది ఎలగ తొడగాలో నాకు ఆరేళ్ల కిందట ఎవలైనా సెప్పుంటే బాగున్ను."

సువార్తమ్మ బొమ్మకేసి చూసింది. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూసింది.

"ఓలమ్మో! దీన్నేనేటి నేను టీవీ మీద ఎట్టింది? రాత్రి వాక్యం సదివినంతసేపూ నన్నే సూసింది!"

"నేను వెండి కప్పు పక్కన ఎట్టీనాను వొదినా!" అంది కరుణమ్మ టీచరు.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. వరలక్ష్మమ్మ వేలు దించి కడుపు పట్టుకుంది. పాస్టరమ్మగారు టర్కీ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు గానీ, భుజాలు ఎగిరెగిరిపడుతున్నాయి. కొలంబో మేడమ్ మన్మథరావు వైపు తిరిగి ఏమంటున్నారని ఇంగ్లీషులో అడిగింది. ఇరవై ఏళ్ల సర్వీసులో ఎన్నో ప్రసంగాలు తర్జుమా చేసిన ఆ మనిషి చెవులదాకా ఎర్రబడి, "బొమ్మ నచ్చిందంటున్నారు," అని ఊరుకున్నాడు.

నవ్వు తగ్గాక ప్రశ్నలు మొదలయ్యాయి. మూడేళ్లలో ఎవరూ అడగనివన్నీ అడిగారు. లారీల మీద తిరిగే కొడుకున్న ఒకామె, కోడలికి ఈ మాట ఎలా చెప్పాలని అడిగింది. పాస్టరమ్మగారు తువ్వాలు చాటునుంచే, మళ్లీ వారం సమాజం మీటింగులో ఇదంతా చెబుతావా అని అప్పలలక్ష్మిని అడిగారు. నవ్వీ నవ్వీ గొంతు ఎండిపోయిన సువార్తమ్మ, అప్పలలక్ష్మి అందించిన స్టీలు గ్లాసు లాక్కుని గటగటా తాగేసింది. సగంలో ఒట్టు గుర్తొచ్చింది. గ్లాసు వైపు చూసింది, అప్పలలక్ష్మి వైపు చూసింది.

"ఏటలా సూస్తావు? ఇంకో గ్లాసుడు ఇయ్యమ్మా. సల్లగున్నాయి," అంది.

మేడమ్ రెండు పేజీలు కాదు, ఏడు పేజీలు రాసుకుంది. నెల తిరక్కుండానే మూడేళ్ల పొడిగింపు ఉత్తర్వు వచ్చింది. ఆ సోమవారం పదముగ్గురు ఆడవాళ్లతో రాణి ఎప్పటిలాగే విశాఖ బస్సెక్కింది. వెంట సువార్తమ్మ కట్టిచ్చిన పులిహోర.

ఉత్తర్వుతోపాటు ఇంకో కాగితం కూడా వచ్చింది. ఏడు దేశాలకూ కలిపి అయిదు వందల నమూనాలు ఏటికొప్పాకలోనే చేయించాలట. ఈసారి బెన్హర్‌ను నమ్మకుండా రాణి స్వయంగా వెళ్లింది. రామాయమ్మ అరుగు మీద కూర్చుని కుంచె కడుగుతోంది.

"అమ్మా, అవేంటో తెలియక మీసాలు పెట్టారు కదూ?" అంది రాణి మొహమాటంగా.

"తెల్దేటి నాకు? ఆరుగురు పిల్లల్ని కన్నాను," అంది ముసలామె తలెత్తకుండా. "ఉత్తదాన్ని సూస్తే ఆడోళ్లు తల దించుకుంటారు. మొగమెడితే తలెత్తి నవ్వుతారని ఎట్టాను. మీ ఆయన మాత్తరం పాపం, కాయితం ఇచ్చినప్పుడు మా గుమ్మాన్ని గుద్దుకున్నాడు."

అయిదు వందలూ తయారై, పెట్టెల్లో సర్ది సిద్ధంగా ఉన్నాయి. అయితే నిర్ణీత నమూనాలో లేని మీసానికి అనుమతి ఇవ్వవలసినది హైదరాబాదా, ఢిల్లీయా, కొలంబోనా అన్న విషయమై ఫైలు ఇప్పటికీ ఏడు దేశాల మధ్య తిరుగుతూనే ఉంది.