అడగనంతవరకే అనుమతి

ఆస్పత్రిలో రోగుల రహస్యాలకు ఇక ఏ ప్రమాదమూ లేదని రికార్డుల అధికారి ప్రకటించిన రోజునే మా అత్తయ్యకు ఆపరేషను పెట్టారు. సాయంత్రం నాలుగింటికి. పోయినసారి ఏదో మత్తుమందు పడక ఆమెకు ఊపిరి ఆగినంత పనైంది. ఆ మందు పేరేమిటని అప్పుడే అడిగితే, "ఫైల్లో రాశాం, మీకెందుకు?" అన్నారు. ఇప్పుడు ఆ పేరు తెలిస్తే తప్ప సూది ముట్టుకోనని డాక్టరమ్మ కూర్చుంది.

ఫైలు మాత్రం భద్రంగా ఉంది. ఆ ఆస్పత్రి పనులన్నీ జావా అనే కంప్యూటరు భాషలో రాసిన ప్రోగ్రాములు చేస్తాయి. ఏ ప్రోగ్రాము ఏ ఫైలును చదవవచ్చో, దేంట్లో రాయవచ్చో, దేన్ని చెరపవచ్చో పాలసీ ఫైలు అనే శాసనంలో ఉంటుంది. అందులో రాయని అనుమతి లోకంలో లేనట్టే.

మొదటి కౌంటరు గుమాస్తాకు రాసే అనుమతి ఉంది, చదివేది లేదు. "మీ అత్తయ్య వివరాలు నేనే ఎక్కించానమ్మా. ఏం ఎక్కించానో మాత్రం చూడలేను" అన్నాడు. ఆరేళ్లలో ఆయన తప్పు ఒక్కటీ బయటపడలేదు. అందుకిచ్చిన ప్రశంసాపత్రం వెనక గోడకు వేలాడుతోంది.

పక్క కౌంటరు నర్సుకు చదివే అనుమతి ఉంది. అయితే వార్డు ఫోల్డరులో పైపైన ఉన్న ఫైళ్లకే. అత్తయ్యది దాని లోపలి ఫోల్డరులో ఉంది. అత్తగారు ఇంటి తాళం చేతికిచ్చి బీరువా తాళం బొడ్డున దోపుకున్నట్టు.

పాత ఫైళ్లు ఊడ్చే ప్రోగ్రాముకు మాత్రం ఏ మూలనున్న ఫైలునైనా చెరిపే అనుమతి ఉంది. చదివే అనుమతి లేదు కాబట్టి దానిమీద ఎవరికీ అనుమానం లేదు. "కావాలంటే చెరిపేయగలనండీ, అంతవరకూ నా చేతిలో పనే" అని దాన్ని నడిపే ఆవిడ ఎంతో ఆదరంగా చెప్పింది.

చివరికి అధికారి గదికి వెళ్లాం. ఆయన ప్రోగ్రాము ప్రతి ఫైలునూ చదవగలదు. నర్సు తన కౌంటరు నుంచి విన్నపం పంపి మా వెనకే వచ్చింది. ఆయన తెర మీద "అనుమతి లేదు" అని వచ్చింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూశారా? అడిగినవాళ్ల దగ్గర్నుంచి తెరిచేవాళ్ల దాకా వరుసలో అందరికీ అనుమతి ఉండాలి. లేకపోతే లేనివాళ్లంతా ఉన్నవాళ్ల చేత పని చేయించుకోరూ?"

"మరి మీరెప్పుడు చదవగలరు నాయనా?" అంది అత్తయ్య.

"ఎవరూ అడగనప్పుడు."

"అలాగైతే మేం బయట నిలబడతాం. మీకే బుద్ధి పుట్టిందనుకుని చదవండి."

"మీరు అడిగారని నాకు తెలిసిపోయింది కదమ్మా."

నర్సు గొంతు సవరించుకుంది. "సార్, మీ తెర మీద 'నా పూచీ మీద' అని ఒక మీట ఉందిగా. అది నొక్కితే తనిఖీ మీ దగ్గరే ఆగిపోతుంది, వెనకున్న మా దాకా రాదు."

అధికారి ఆ మీట మాకు కనపడకుండా తెరను పక్కకు తిప్పారు. తర్వాత లేచి నిలబడి ప్రసంగించారు. "భద్రత అందరి ఉమ్మడి బాధ్యత. దాన్ని ఒక్కడే నెత్తికెత్తుకోవడం అహంకారం. ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు అహంకారం లేదు."

మూడున్నరకు అత్యవసర సమావేశం జరిగింది. ఒకరికి ఒక ఫైలు చదివే అనుమతి ఇస్తే ఎవరిచ్చారన్న ప్రశ్న వస్తుందని, అందరికీ అన్నీ ఇచ్చేస్తే ఆ ప్రశ్నే రాదని ఏకగ్రీవంగా తేల్చారు. పాలసీ ఫైల్లోని వరసలన్నీ కొట్టేసి, ఏ ప్రోగ్రామైనా ఏ ఫైలునైనా ఏమైనా చేసుకోవచ్చని ఒక్క వాక్యం మిగిల్చారు. వసారాలో టోకెన్లిచ్చే యంత్రం తెరమీద కూడా ఫైళ్లు తెరుచుకున్నాయి. మందు పేరు దొరికింది. అత్తయ్య బతికింది. అధికారికి పారదర్శకత పురస్కారం ఇచ్చారు.

కోలుకున్న పది రోజులూ అత్తయ్యకు వసారాలోనే పొద్దుపోయింది. కుర్చీ లాక్కుని వరసగా అందరివీ చదివింది. మీదీ చదివింది. ఆ రెండో మాత్ర మానేసి మూడు నెలలైందట కదా, ఇంట్లో ఎవరికైనా చెప్పారా అని అడగమంది.