యాప్‌ను వెచ్చగా ఉంచిన గణపతిరావు

ఆ శనివారం పదకొండు గంటలకు మైతి బాబు ఇంటికి వస్తాడని ఇందు పొద్దున్నే ముందుగది తుడిచి, కుర్చీలు సర్ది, లాప్‌టాప్ ఛార్జింగుకి పెట్టింది. మైతి బాబు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌కి అధికారి. అక్కడి కార్మికులు ఫోనులోనే భోజనం చెప్పుకునేలా ఇందు, ఆమె స్నేహితురాలు తబిత కలిసి ఒక యాప్ తయారుచేశారు. ఆయనకు నచ్చితే సుభాష్‌పల్లిలోని ఈ ముందుగదే వాళ్ళ ఆఫీసుగా నిలుస్తుంది. నచ్చకపోతే ఒకటో తారీఖు నుంచి ఇద్దరూ రోజూ లోకల్ బండెక్కి కోల్‌కతాలో ఉద్యోగానికి వెళ్ళాలి.

యాప్‌ని ఎలా నడపాలన్న దగ్గర ఇద్దరికీ పడలేదు. యాప్‌నీ దాని సరంజామానీ కంటైనర్ అనే ఒకే పెట్టెలో సర్ది, క్లౌడ్ కంపెనీ దగ్గర అద్దె మిషన్ మీద రాత్రీ పగలూ నడుపుదామని తబిత. సర్వర్‌లెస్ పద్ధతి చాలని ఇందు. అందులో మనకంటూ మిషన్ ఉండదు. ఎవరైనా నొక్కినప్పుడే యాప్ మేలుకుంటుంది, పని చేసి పడుకుంటుంది. మేలుకున్నంతసేపటికే బిల్లు. చివరికి ఇందు మాటే నెగ్గింది.

"ఒకటే ఇబ్బంది తబితా," టీ తాగుతూ అంది ఇందు. "చాలాసేపు ఎవరూ నొక్కకపోతే చల్లారిపోద్ది. ఆ తర్వాత మొదట నొక్కినోళ్ళు కాస్త ఆగాల."

పక్కగదిలో ఇందు మామగారు గణపతిరావు పేపరు దించాడు. ఆయన రైల్వే డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి.

"ఏటమ్మా, సల్లారిపోద్దా? సలికాలంలో మేం ఇంజను ఆపీవోళ్ళమా? డ్యూటీ లేకపోయినా ఐడిలింగులో ఉంచీవోళ్ళం. ఆ బాబు నొక్కినప్పుడు లెగకపోతే మన పరువేటి కావాల?"

"ఏం కాదు మామయ్యా" అని ఇందు స్నానానికి వెళ్ళింది. తబిత ప్రింట్లు తీయించడానికి ప్రేమ్ బజార్‌కి సైకిలెక్కింది.

గణపతిరావు ఫోనులో ఆ యాప్ ఉంది. పరీక్షించడానికని కోడలే పెట్టింది. ఆయన గుడ్డు భోజనం నొక్కాడు. తెర మీద చక్రం కాసేపు తిరిగాక, "మీ భోజనం ఖాయమైంది. ఈ నంబరు చూపించి తీసుకోగలరు" అని వచ్చింది. రెండోసారి నొక్కితే వెంటనే వచ్చింది. ఇంజను లేచింది, ఇక ఆగకుండా చూసుకోవాలి. కానీ ఒక్క బొటనవేలితో ఎంతసేపని? షెడ్డులో తనతో పనిచేసిన తిమోతికి ఫోన్ చేశాడు. రిటైరైన సిబ్బంది వాట్సాప్ గ్రూపు తిమోతి చేతిలో ఉంది.

"ఒరే తిమోతీ, మా కోడలి యాప్ సల్లారకుండా సూడాల. లింకు పంపుతున్నాను, మనోళ్ళందర్నీ నొక్కమను."

"ఆర్డరు ఇచ్చినావు కదా, అయిపోద్దిలే" అన్నాడు తిమోతి.

తిమోతి కారణాలు రాసే మనిషి కాడు. "గణపతి ఇంటి నుండి వచ్చినది. అందరూ తప్పక నొక్కవలెను" అని గ్రూపులో పెట్టాడు. తెరిచిన వాళ్ళకు భోజనాలు కనిపించాయి, నొక్కిన వాళ్ళకు నంబర్లు వచ్చాయి. ఇంకేం అనుకుంటారు?

"చేపలు నేవేటి?"

"ఈవేళ శనివారం. నాకు వెజ్."

"గణపతికి మనవడు పుట్టినాడా? చెప్పనే నేదు!"

"ప్రశ్నలు వద్దు. నొక్కండి" అని తిమోతి జవాబిచ్చాడు.

మైతి బాబు చెప్పిన వేళకే వచ్చాడు. బెంగాలీలో కుశలం అడిగి, ఇందు చూపించినట్టే తన ఫోనులో భోజనం నొక్కాడు. "ప్రస్తుతం రద్దీగా ఉంది. కాసేపాగి ప్రయత్నించండి" అని వచ్చింది.

ఇందు లాప్‌టాప్ తెరిచింది. బిల్లుకు భయపడి, ఒకేసారి ఇంతమందికి మించి యాప్ మేలుకోకూడదని తనే హద్దు పెట్టింది. ఆ హద్దు నిండిపోయి ఉంది.

"అందుకే పెట్టె తీసుకుందామన్నాను" అని, ప్రింట్లతో తిరిగొచ్చిన తబిత ఇందు చెవిలో గొణిగింది.

"పెట్టయితే ఈపాటికి కూలబడిపోయేది!"

"కంగారు పడకమ్మా," పక్కగదిలోంచి గణపతిరావు బొటనవేలు ఆపకుండానే అరిచాడు. "ఇంజను ఫుల్లు వేడి మీదుంది!"

"మామయ్యా! ఎవరు నొక్కుతున్నారు?"

"మా షెడ్డు మొత్తం!"

మైతి బాబు హెల్మెట్ అందుకున్నాడు. "దీదీ, భోజనాల హూటర్ మోగగానే మావాళ్ళంతా ఒకేసారి నొక్కుతారు. అప్పుడు ఇలా చెబితే నన్ను తంతారు" అని తలుపు తీశాడు.

గేటు నుంచి సందు మలుపు దాకా వరుస. రిటైరైన ఫిట్టర్లు, డ్రైవర్లు, గార్డులు. కొందరి చేతుల్లో క్యారేజీలు. ఒకళ్ళ ఫోను ఒకళ్ళు చూసుకుంటున్నారు.

"నీదెంతరా?"

"నలభై."

"అయితే నా ఎనక్కెల్లు."

అందరికన్నా ముందొచ్చిన డ్రైవరొకడు తన నంబరు పెద్దదని తెలిసి, గొణుక్కుంటూనే తోకకి వెళ్ళి నిలబడ్డాడు.

మైతి బాబు అడుగు ఆగిపోయింది. "వీళ్ళు తోసుకోవడం లేదేం?"

"నంబరుండగా తోసుకోడమేటి బాబూ?" అన్నాడు తిమోతి. "ఎవుడి ప్లేసు ఆడిది."

మైతి బాబు క్యాంటీన్‌లో రోజూ వరుస దగ్గర కొట్లాటే. పోయిన నెల ఒకడు ఇంకొకడి తలమీద కంచం విరగ్గొట్టాడు. ఆయన వరుస చివరిదాకా నడిచి, ఫోన్లన్నీ చూసి తిరిగొచ్చాడు. ఏ ఇద్దరికీ ఒకే నంబరు లేదు.

"రద్దీ మాటేమిటి దీదీ?"

ఇందు హద్దు పెంచింది. ఆయన మళ్ళీ నొక్కాడు. వెంటనే నంబరు వచ్చింది.

"పెట్టెలో పెట్టి నడుపుతారో, పెట్టె లేకుండా నడుపుతారో, అది మీ గొడవ," అన్నాడు మైతి బాబు. "నాకు ఈ వరుస కావాలి. సోమవారం ఫ్యాక్టరీకి రండి, సంతకాలు చేద్దాం."

ఆయన స్కూటర్ సందు దాటగానే తిమోతి గొంతు సవరించుకున్నాడు. "మరి భోజనమో?"

గణపతిరావు భార్య దాలమ్మ అప్పటికే పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టింది. "ఊరందర్నీ పిలిసి ఇంట్లో ఉన్నదాన్ని మరిసిపోనావు," అంది మొగుడితో. "ఉప్మాయే ఉంది. నంబరు ప్రకారం పెడతాను. ఇంటోడైనా అంతే."

యాప్ ఒక్కో ఫోనుకి చివరగా ఇచ్చిన నంబరే ఉంచుతుంది. అందరికన్నా ఆలస్యంగా వేలు ఆపినవాడు గణపతిరావు. ఆయన వంతు వచ్చేసరికి గిన్నెలో గరిటె మాత్రమే మిగిలింది.