ఎడమవైపు క్లియరెన్స్ లేదు

సృష్టిలో ఏనుగు ఎంత ఎత్తుండాలో, చీమ ఎంత ఎత్తుండాలో ముందే తేల్చిపెట్టిన భగవంతుడు జీపుల సంగతి మాత్రం మరిచిపోయాడు. ఆ లోటు తీర్చడానికే వాహనాల ఎత్తు నియంత్రణ శాఖ పుట్టింది. శాఖకు మూడంతస్తుల భవనం, పదకొండు కౌంటర్లు, కొలవడానికి ఒక టేపు ఉన్నాయి. (టేపు ప్రస్తుతం ఆడిట్‌లో ఉంది.)

మా అక్క నర్సు. ప్రతి బుధవారం ఐస్ డబ్బాలో టీకా మందులు పెట్టుకుని కొండ మీద ఊరికి జీపులో వెళ్తుంది. దారిలో వాగు ఉంది. వాగు నీళ్ళు జీపులోకి వచ్చి డబ్బాను పలకరిస్తున్నాయని, శాఖ అనుమతితోనే, జీపును నాలుగంగుళాలు ఎత్తు పెంచింది. ఆ అనుమతి రావడానికి ఏడు నెలలు పట్టింది. నెలకి అర అంగుళం పైమాటే. ఎదిగే పిల్లలకన్నా వేగం కాబట్టి శాఖను తప్పుపట్టలేం.

జీపు వాగు దాటింది గాని కొత్త చిక్కొచ్చింది. ఎత్తు పెరిగేసరికి చక్రాలను తిప్పే రాడ్డు ఏటవాలైపోయి, స్టీరింగ్ ఎడమకి బాగా తిప్పినప్పుడల్లా జీపు బరువు మోసే కమాను కట్టకు తగులుకుంటోంది. కర్రుమని ఒక చప్పుడు, ఆపైన స్టీరింగ్ కదలదు. కుడికి ఏ ఇబ్బందీ లేదు. కొండ దారిలో అయిదో మలుపు ఎడమకి. మామూలుగా ఒక్క తిప్పుతో తిరగాల్సిన చోట అక్క ముందుకి పోయి, ఆగి, వెనక్కి తీసి, మళ్ళీ ముందుకి పోయి తిప్పుతోంది. ముందుకి పోయిన ప్రతిసారీ చక్రానికీ లోయకీ మధ్య జానెడు నేల మిగులుతుంది. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. చక్రం కింద నుంచి ఒక రాయి జారింది. అది కింద పడ్డ చప్పుడు కోసం చాలాసేపు ఎదురుచూశాను. నాకు భయమేసింది, ఒప్పుకుంటున్నాను.

"డబ్బా గట్టిగా పట్టుకోరా, ఒరిగితే మందులు పాడవుతాయి" అంది అక్క.

మర్నాడు మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. ఆయన జీపు కింద దూరి, అక్కడి నుంచే మాట్లాడాడు.

"రాడ్డు చివర కింద నుంచి బిగించి ఉందక్కా. కన్నం కాస్త సరిచేసి పైనుంచి బిగిస్తే అంగుళం ఖాళీ వస్తుంది. పూట పని."

"అయితే ఇప్పుడే మొదలెట్టు."

"అమ్మో! స్టీరింగ్ సామాను ముట్టుకోవాలంటే శాఖ కాగితం ఉండాలి. లేకపోతే నా షెడ్డుకి తాళం వేస్తారు. చీటీ రాసిస్తాను, చూపించి కాగితం తెండి."

ఆ చీటీలో ఆయన మూడే ముక్కలు రాశాడు: ఎడమవైపు క్లియరెన్స్ లేదు.

షెడ్డులో క్లియరెన్స్ అంటే రెండు ఇనుప ముక్కల మధ్య ఖాళీ. శాఖలో క్లియరెన్స్ అంటే అనుమతి. ఈ రెండు భాషలకీ కలిపి ఎవరూ ఇంకా నిఘంటువు వెయ్యలేదు. నాలుగో కౌంటర్ గుమాస్తా చీటీ చదివి, కళ్ళజోడు పైనుంచి అక్కను ఎగాదిగా చూశాడు.

"ఎడమవైపు క్లియరెన్స్ లేకుండానే ఇన్నాళ్ళూ తిరుగుతున్నారా?"

"ఏదో తిప్పుకుంటున్నానండీ, కష్టంగా."

గుమాస్తా రిజిస్టరు తెరిచి, 'నేరం అంగీకరించారు' అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు.

అలా మా అక్క, ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఒక్క మెమో కూడా ఎరగని మనిషి, అనుమతి లేకుండా ఎడమకి తిరిగిన ముద్దాయి అయింది. ఇది రాడ్డు సంగతండీ, ఖాళీ సంగతండీ అని ఆవిడ మొత్తుకుంటే, ఖాళీల సంగతి ఉద్యోగాల విభాగం చూస్తుందని రెండో అంతస్తుకి పంపారు. అక్కడ ఖాళీలు లేవన్నారు. తిరిగొచ్చి, చేసేదేం లేక, వాళ్ళిచ్చిన దరఖాస్తే నింపింది. అందులో 'ఎడమకి తిరగాలనే కోరిక మొదట ఎప్పుడు కలిగింది?' అని ఒక గడి. 'ఇంట్లో ఇంకెవరికైనా ఈ అలవాటు ఉందా?' అని ఇంకో గడి. (నా పేరు రాయొద్దని బతిమాలుకున్నాను.)

తనిఖీకి రమ్మన్నారు. శాఖ గేటు రోడ్డుకి ఎడమవైపు ఉంది. అక్క మూడు వీధులు కుడికి కుడికి తిరిగి, చుట్టూ వచ్చి గేటుకి ఎదురుగా తేలింది. తనిఖీ అధికారి అది చూసి ముచ్చటపడ్డాడు. ఎడమకి తిరగకుండానే ఎక్కడికైనా చేరుకోవచ్చని వాహనం స్వయంగా రుజువు చేసిందని రాసుకున్నాడు. తరవాత వంగి, ఫైల్లోంచి ఒక కాగితం తీసి, రాడ్డుకీ కమానుకీ మధ్య దూర్చాడు. కాగితం దూరింది.

"ఖాళీ ఉంది కదమ్మా!"

"ఇప్పుడు చక్రాలు తిన్నగా ఉన్నాయండీ. స్టీరింగ్ తిప్పి చూడండి."

"తనిఖీ జరిగేటప్పుడు స్టీరింగ్ ముట్టుకోకూడదు. ప్రమాదం."

అక్కకి ఒళ్ళు మండిపోయింది. నాకూ మండింది గాని, ఆవిడంత బాగా మండలేదు. "కొండ మీద పదహారు మంది పసిపిల్లలున్నారు. డబ్బాలో ఐస్ ఆరు గంటలే ఉంటుంది. ఆ మలుపులో నేను పోతే మీ కాగితం వచ్చి సూదులు వేస్తుందా?" అని అడిగింది. అధికారి నొచ్చుకున్నాడు. కాగితాలకి సూదులు వేసే అధికారం లేదని, అది ఆరోగ్య శాఖ పరిధి అని ఓపిగ్గా వివరించాడు.

మంగళవారం సాయంత్రం ఉత్తర్వు చేతికొచ్చింది. కుడివైపు: మంజూరు. ఎడమవైపు: పరిశీలనలో ఉంది. తేలేవరకు సదరు వాహనం ఎడమకి తిరగరాదు. స్టీరింగ్ సామాను సాక్ష్యం కనుక మెకానిక్‌తో సహా ఎవరూ దాన్ని ముట్టుకోరాదు. మెకానిక్ ఆ కాగితం చదివి, పానా పక్కన పెట్టేసి, "చెయ్యి చాచితే అందే పని అక్కా" అని తల పట్టుకున్నాడు.

తెల్లారితే బుధవారం. కార్యాలయం మూసేలోపు పరుగెత్తి ఎత్తుల ఉపాధికారిని పట్టుకున్నాం. (ఆయన కుర్చీ కాళ్ళ కింద ఇటుకలున్నాయి. వాటి అనుమతి రావలసి ఉంది.) మంచి మనిషి. అక్కను కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు, ఉత్తర్వు రెండుసార్లు చదివాడు.

"ఇందులో మీకొచ్చిన ఇబ్బందేమిటమ్మా?"

"రేపు పొద్దున్న నేను కొండెక్కాలండీ. అయిదో మలుపులో ఎడమకి తిరక్కపోతే దారి లేదు."

"కుడికి మంజూరు చేశాం కదా?"

"కుడివైపు లోయ ఉందండీ."

ఆయన ముఖంలో నిజంగానే జాలి కనిపించింది. సొరుగులోంచి నిబంధనల పుస్తకం తీసి, వేలు తడి చేసుకుంటూ ఒక్కో పేజీ తిప్పాడు. చివరి పేజీ దాకా వెళ్ళి, పుస్తకం మూసి, అక్కవైపు చూసి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"నిశ్చింతగా వెళ్ళిరండమ్మా. లోయకి ఏ అనుమతీ అక్కర్లేదు."