మచ్చిక పాట

సోపుబెక్ తన బూడిదరంగు గుర్రం మీద నలభై పద్యపాదాలు కట్టాడు. పెళ్ళాం మీద ఒక్కటీ కట్టలేదు. పొద్దున టీ పోస్తుండగా బురుల్చాకు ఈ సంగతి తట్టింది.

"గుర్రం నడుముకే ఏడు పాదాలు పట్టాయటగా?"

"మంచి నడుమే మరి."

"మరి నాదో?"

సోపుబెక్ కాస్త ఆలోచించాడు. ఆలోచించడమే తప్పయింది. అతని తెల్ల ఉన్ని టోపీ పెట్టెలోకి వెళ్ళింది, తాళంచెవి ఆవిడ నడుముకు చేరింది.

మధ్యాహ్నం పచ్చికబయల్లో కవుల పోటీ. టోపీ లేకుండా పెద్దల ముందు నోరు తెరిస్తే దాన్ని పద్యం అనరు, ఆవులింత అంటారు.

ఈనిన గొర్రె తన పిల్లను దగ్గరికి రానీయకపోతే, ఆ కొండల్లో దాని పక్కన కూర్చుని మచ్చిక పాట పాడతారు. ఎంత మొండిదైనా మెత్తబడి పిల్లకు పాలు ఇస్తుంది. గొర్రెకు పనిచేసింది పెళ్ళానికి పనిచేయదా అనుకున్నాడు సోపుబెక్. పిండి పిసుకుతున్న బురుల్చా పక్కన చేరి, కళ్ళు మూసుకుని మెల్లగా ఆ పాట ఎత్తుకున్నాడు.

ఈ వసంతంలో ఆ పాటకు లొంగిన గొర్రెలు పదకొండు. పదకొండూ గుడారంలోకి వచ్చాయి, పిల్లలతో సహా. ఒకటి మీగడ గిన్నెలో కాలు పెట్టింది. ఒకటి పరుపెక్కింది. పిండి బస్తా ఒరిగి అందరూ తెల్లబడ్డారు. మెత్తబడనిది బురుల్చా ఒక్కతే.

"నన్ను గొర్రెను చేశావటయ్యా!"

"అబ్బే, పాట బాగుంటుందనీ..."

"ముందు ఇదంతా ఊడ్చు. టోపీ మాట తర్వాత."

మందను బయటికి తోలి చీపురు పట్టాడు. గుండ్రటి గుడారం, నడుమ పొయ్యి. దాని చుట్టూ తిరుగుతూ ఊడుస్తున్నాడు. బురుల్చా పిండి పిసుకుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. రోజూ తీసేదే. నీళ్ళు మోసేప్పుడూ, పిడకలు ఏరేప్పుడూ ఇరవై ఏళ్ళుగా వింటున్నదే.

మూడో చుట్టులో సోపుబెక్‌కు గుర్తొచ్చింది. ఆవిడ కింది లోయ రైతుల పిల్ల. ఈ పాట అతను మొదట విన్నది మామగారి కళ్ళంలో. గింజలు రాలేలా పనల మీద గుంజ చుట్టూ ఎడ్లను తిప్పి బంతి తోలుతూ మామగారు పాడేవాడు.

పాటకు అడుగు తప్పిద్దామని చూశాడు. కాలు వినలేదు.

గుడారం శుభ్రమయ్యాక పాట ఆగింది. సోపుబెక్ కూడా ఉన్నచోటనే ఆగాడు.

బురుల్చా పెట్టె తెరిచి, టోపీ అతని నెత్తిన పెట్టి సర్దింది.

"ఇక వెళ్ళు. ముందు కాసిని నీళ్ళు తాగు" అంది.

కాడి దించగానే మామగారు ఎడ్లకు ముందు నీళ్ళే పెట్టేవాడు. సోపుబెక్ తల వంచి తాగాడు.