నలుగురు కలిపిన నూట ఇరవై అడుగులు

ఆకాశంలో ఎత్తు అనేది ప్రకృతి ఇచ్చేది కాదు. చలి ఎత్తుల సవరణ మండలి మంజూరు చేసేది. ఈ సంగతి తెలియక పక్షులు ఇప్పటికీ అనుమతి లేకుండా దిగుతున్నాయి. (మండలి దృష్టికి వచ్చింది. చర్య పరిశీలనలో ఉంది.)

విషయం సులువైనదే. చలికి గాలి ముడుచుకుంటుంది. విమానంలో ఎత్తు చూపే మీటరుకు ఆ సంగతి తెలియదు. అందుకని గడ్డకట్టే చలిలో అది ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మైనస్ నలభైలో మీటరు ఆరువందల ఇరవై అడుగులు అన్నదంటే విమానం నిజానికి ఐదువందల దగ్గరే ఉంటుంది. ఆ తేడాలో ఒక్కోసారి కొండ ఉంటుంది. కాబట్టి పైలట్ పట్టిక చూసి, మ్యాపులో కనీస ఎత్తుగా రాసిన ఐదువందలకు నూట ఇరవై కలుపుకుని, రన్‌వే కనిపించేదాకా మీటరు మీద ఆరువందల ఇరవై దాటి కిందికి రాడు. దారి చూపించేది ఉపగ్రహాలు. విమానం అసలు ఎంత ఎత్తులో ఉందో కూడా అవి చెబుతూనే ఉంటాయి. కానీ ఎత్తు విషయంలో చట్టం మీటరు మాటే వింటుంది. (ఉపగ్రహాలకు సంతకం చేసే అధికారం లేదు.)

ఇంతవరకు ఇది ప్రాణాలు కాపాడే నియమం. దీన్ని మెరుగుపరచాలని మండలికి అనిపించింది.

ఒక చలికాలం ఎవరో పైలట్ కలపడం మరచిపోయాడు. కొండ క్షమించింది. మండలి క్షమించలేదు. ఉప సంచాలకులు డెస్మండ్ హార్ట్‌విగ్ గారు దక్షిణాన, ఇరవై రెండు డిగ్రీల వెచ్చటి గదిలో కూర్చుని పదిహేడో ఉత్తర్వు రాశారు. విమానం దిగే ముందు ఆ ఊరి నుంచి ఉష్ణోగ్రత రాగానే విమానాన్ని పంపే కంపెనీ డిస్పాచర్ సవరణ కలుపుతాడు. అతను మరచిపోతే? కంట్రోలర్ కలుపుతాడు. అతనూ మరచిపోతే? పైలట్ కలుపుతాడు. పైలట్ పరధ్యానంలో ఉంటే? కో-పైలట్ కలుపుతుంది.

"మీరు ముందే కలిపేశారా?" అని అడగడం మాత్రం నిషేధం. సాటి ఉద్యోగిని అనుమానించినట్టవుతుంది. మా దేశంలో మనిషి తలుపుకు గుద్దుకున్నా తలుపుకే సారీ చెబుతాడు. అలాంటి ప్రశ్న ఉత్తర్వు లేకపోయినా ఎవరి నోటా వచ్చేది కాదు.

ఫలితంగా ఉత్తర ధ్రువం దగ్గరి మా ఊరు ఇమిక్‌టూక్‌లో మైనస్ నలభై ఉన్న రోజున, మ్యాపులోని ఐదువందలు నలుగురి చేతులు దాటేసరికి తొమ్మిదివందల ఎనభై అవుతాయి. నిజమైన లెక్కలో ఎనిమిదివందలకు దగ్గర. మా ఊరి మబ్బుల అడుగు ఐదువందల యాభైలో ఉంటుంది. (మబ్బులకు ఉత్తర్వు ప్రతి పంపారు. జవాబు రాలేదు.)

పళ్ల డాక్టరు బాష్కో గారు ఈ చలికాలంలో మా ఊరికి రెండుసార్లు వచ్చారు. నవంబరులో ఒకసారి, డిసెంబరులో ఒకసారి. రెండుసార్లూ మబ్బు పైన రెండు చుట్లు తిరిగి, రన్‌వే కనిపించక వెనక్కి వెళ్లిపోయారు. ఆరోగ్యశాఖ లెక్కల్లో ఇవి 'రెండు విజయవంతమైన పర్యటనలు'. కింద నలభై ఒక్కమంది నోళ్లు తెరుచుకుని పైకి చూశారు.

ఆ నలభై ఒక్కమందిలో మొదటి పేరు లీటియాది. విమానాశ్రయంలో రేడియో చూసేది, థర్మామీటరు చూసి ఉష్ణోగ్రత పంపేది ఆవిడే.

మూడో ప్రయత్నం జనవరిలో, ఒక మధ్యాహ్నం. సూర్యుడు మా ఊళ్లో కనిపించి అప్పటికి నలభై ఐదు రోజులు. మంచు తోసే బండి నడిపే జోనసీ టీ కోసం రేడియో గదిలోకి వచ్చాడు. లీటియాకు చిన్నాన్న కొడుకు.

"అక్కా, ఇవాళ నీకంటే ముందు నీ బుగ్గే డ్యూటీకి వచ్చినట్టుంది."

"నవ్వించకురా. నవ్వితే చెవిదాకా లాగుతుంది."

"నర్సమ్మ ఏమంది?"

"చీము దవడలోకి దిగుతోందట. బిళ్లలు ఇంకో మూడు రోజులకే ఉన్నాయి. డాక్టరు ఇవాళ కూడా దిగకపోతే ఇక తన చేతిలో ఏమీ లేదంది."

"అంబులెన్స్ విమానం పిలిస్తే?"

"అదీ విమానమేగా. దానికీ ఆ నలుగురే కలుపుతారు."

జోనసీ టీ కప్పు కింద పెట్టాడు. "నా బండిలో పటకారు ఉంది. గ్రీజు తుడిచి తెస్తాను."

లీటియా కోటు తొడుక్కుంది. బయట తెల్లపెట్టెలో థర్మామీటరు చూసి వచ్చింది. మైనస్ నలభై. మబ్బు ఐదువందల యాభై. పెన్సిల్ తీసుకుని గోడకు అంటించిన సవరణ పట్టిక ముందు చాలాసేపు నిలబడింది.

"జోనసీ, నాలుగు ముప్ఫైలు ఎంత?"

"నూట ఇరవై. బడి మానేశాను గానీ మరీ అంత తొందరగా మానలేదు."

"ఐదువందల ఎత్తుకి, సున్నా డిగ్రీలైతే, ఒక్కొక్కరు కలపాల్సింది ముప్ఫై. మైనస్ నలభై అయితే?"

జోనసీ పట్టిక మీద వేలు పెట్టి జరిపాడు. వేలు ఆగింది. "నూట ఇరవై."

"కొండ దాటేచోట మ్యాపులో వెయ్యి ఉంది. దానికి చూడు."

"సున్నాకి అరవై. నాలుగు అరవైలు రెండువందల నలభై. మైనస్ నలభైకి..." అతను వెనక్కి తిరిగాడు. "అక్కా! ఇదీ రెండువందల నలభయ్యే!"

"సున్నా అని పంపితే ఆ నలుగురూ కలిసి మైనస్ నలభైకి సరైన ఎత్తు పెడతారు."

"తప్పుడు రిపోర్టుకి ఉద్యోగం పోతుంది."

"తెలుసు."

"నలుగురిలో ఒకడు కలపడం మరచిపోతే విమానం ముప్ఫై అడుగులు కిందికి వస్తుంది. అదీ తెలుసా?"

"వాళ్లు ఏనాడైనా మరచిపోయారా? అదేగా నా కర్మ!"

లీటియా సున్నా అని కొట్టింది. మండలి కంప్యూటరు కాసేపు ఆలోచించి, 'అసాధారణ వెచ్చదనం: కారణం ఎంచుకోండి' అంది. మూడు కారణాలు ఇచ్చింది. ఎండ. దక్షిణపు గాలి. ఇతరములు. (ఇతరములు ఎంచుకుంటే పదకొండు పేజీల ఫారం నింపాలి.) లీటియా చీకటి కిటికీ వైపు ఒకసారి చూసి 'ఎండ' నొక్కింది. కంప్యూటరు ధన్యవాదాలు చెప్పింది.

రేడియోలో కెప్టెన్ గార్నెట్ ఫ్రీజెన్ గొంతు వినిపించింది. ఇరవై ఏళ్లుగా మా ఊరికి వస్తున్న మనిషి.

"లీటియా, సున్నా అని వచ్చింది. నా కిటికీ బయట మైనస్ నలభై ఒకటి."

"మీ కిటికీ సంగతి నాకు తెలియదు కెప్టెన్. ఇక్కడ సున్నా. మీరు నలుగురూ ఎప్పటిలాగే కలుపుకోండి. ఒక్కరు కూడా మానొద్దు. దయచేసి."

తరువాత కో-పైలట్ నోయెమీ గొంతు, గొణుగుతున్నట్టుగా: "డిస్పాచర్ ముప్ఫై, కంట్రోలర్ ముప్ఫై, మీరు ముప్ఫై, నేను ముప్ఫై... కెప్టెన్, ఆరువందల ఇరవై." ఆ వెంటనే, "అయ్య బాబోయ్."

"వింటున్నాను నోయెమీ. కొండ దగ్గర?"

"అక్కడా సరిపోయింది."

"అయితే దిగుతూ ఉపగ్రహం చెప్పే ఎత్తును కూడా ఓ కంట చూస్తూ ఉండు. చట్టానికి కాదు. నా మనశ్శాంతికి." కెప్టెన్ గొంతు మామూలైంది. "ఇమిక్‌టూక్‌లో ఇవాళ ఎండ దంచేస్తున్నట్టుందే?"

"మాడిపోతున్నాం కెప్టెన్."

పన్నెండు నిమిషాలు. లీటియా బుగ్గ పట్టుకోవడం కూడా మరచిపోయింది. కొండ వైపు నుంచి ఇంజన్ల చప్పుడు వచ్చింది. చప్పుడు పెరిగింది. నవంబరులోనూ ఇంతే పెరిగి, నెత్తి మీదుగా పోయింది. డిసెంబరులోనూ అంతే.

మబ్బు అడుగున రెండు దీపాలు కనిపించాయి.

"అక్కా, దీపాలు!" అని జోనసీ అరిచాడు, ఆవిడకేదో కనిపించనట్టు.

విమానం సరిగ్గా ఎక్కడ దిగాలో అక్కడే దిగింది. బాష్కో గారు మెట్ల మీదే లీటియా బుగ్గ చూసి, పెట్టె తెరవడానికి బల్ల ఎక్కడుందని అడిగారు. పదకొండు నిమిషాల్లో పన్ను బయటికి వచ్చింది. రెండు రోజుల్లో ఆయన పందొమ్మిది మందిని చూశారు. ఇరవై రెండు మంది మిగిలారు. వాళ్లకు 'త్వరలో మళ్లీ వస్తాను' అని చెప్పి వెళ్లారు.

మూడు వారాలకు మండలి నుంచి ఉత్తరం వచ్చింది. లీటియా కుర్చీలో కూర్చుని తెరిచింది, ఉద్యోగం పోయిందనే అనుకుని.

హార్ట్‌విగ్ గారు అభినందించారు. నాలుగు అంచెల సవరణ విధానం ఇమిక్‌టూక్‌లో నూటికి నూరుపాళ్లు విజయవంతమైందని రాశారు. రికార్డులను లోతుగా పరిశీలించగా, మైనస్ నలభైలో రెండుసార్లు విఫలమైన విధానం సున్నాలో అద్భుతంగా పనిచేసినట్టు తేలిందని, కాబట్టి లోపం విధానంలో లేదని, ఉష్ణోగ్రతలో ఉందని నిర్ధారించారు. ఆ మేరకు పద్దెనిమిదో ఉత్తర్వు జారీ అయింది. పళ్ల డాక్టరుగారి విమానం ఇకమీదట ఇమిక్‌టూక్‌లో ఉష్ణోగ్రత సున్నాకు చేరిన రోజున మాత్రమే బయల్దేరుతుంది. ఉష్ణోగ్రతను రెండో వ్యక్తి ధ్రువీకరించాలి. వాతావరణ శాఖ అంచనా ప్రకారం సున్నా వచ్చేది జూన్ రెండో వారంలో.

జూన్‌లో మా ఊళ్లో పొగమంచు. విమానాలు దిగవు.