డోపమిన్ వ్యతిరేక మహాసభ

గుడియాత్తం ప్రజల మెదడులో జరుగుతున్న కుట్రను ఎన్నికలలోపు బయటపెడతానని జిల్లా కార్యదర్శి ఆదిమూలం కార్యకర్తల సమావేశంలో ప్రకటించారు. కుట్రదారు పేరు డోపమిన్. జనం అతిగా తింటున్నారంటే తప్పు జనానిది కాదు, డోపమిన్‌ది. దాని మీద పార్టీ యుద్ధం చేస్తుంది. చప్పట్లు కొట్టినవాళ్లలో సగంమంది డోపమిన్ అంటే ఎదుటి పార్టీ మనిషి అనుకున్నారు. కార్యదర్శి గారు సవరించలేదు.

ఆ పేరు ఆయన చెవిన పడింది అంతకు ముందు వారమే, వేలూరులో. అప్పుడు యోగానంద్ పక్కనే ఉన్నాడు. గుడియాత్తంలో పార్టీ సభలకు జనాన్ని తోలుకొచ్చేది యోగానందే. నాయకుడు షుగరు డాక్టరు దగ్గరికి వెళ్తే టిఫిన్ క్యారియర్ పట్టుకుని వెనక కూర్చునేదీ అతనే.

డాక్టర్ జెసింత రిపోర్టు చూసి, "రాత్రి ఏం తిన్నారు?" అని అడిగింది.

"బిర్యానీ, అమ్మా. ఆకలి లేదు. వాసనొచ్చింది, తినేస్తిని."

"వాసన తగలగానే మెదడులో డోపమిన్ పెరుగుతుంది సార్. తినేటప్పటికంటే తినబోయే ముందే ఎక్కువ. అది తిన్న సుఖం కాదు, కావాలనిపించడం. దొరుకుతుందో లేదో తెలియకపోతే ఇంకా ఎక్కువ."

ఆదిమూలం కుర్చీలో ముందుకు జరిగారు. "అంటే, పెట్టకపోయినా పెరుగుతాదా?"

"పెరుగుతుంది. అది సరే, మీ షుగరు..."

"నా సంగతి వదిలెయ్యమ్మా. జనం సంగతి చెప్పు. ఎంతసేపుంటాది?"

డాక్టరమ్మ రాసిచ్చిన మాత్రలు ఆ రోజు ఎవరూ కొనలేదు.

యోగానంద్ ఇంటి ముందు గదిలో ఒకప్పుడు మగ్గం ఉండేది. వార్డు టికెట్ నీకే అని నాయకుడు మొదటిసారి అన్నప్పుడు అతను మగ్గం విప్పి పెరట్లో పడేసి, ఆ చోట బల్ల వేశాడు. అర్జీలు తెచ్చేవాళ్లు కూర్చోవడానికి బెంచీ కూడా వేశాడు. ఆ ఎన్నికల్లో టికెట్ రాలేదు. తర్వాతి ఎన్నికల్లోనూ రాలేదు. భార్య సురేఖ పక్క వీధిలో వేరేవాళ్ల మగ్గం మీద లుంగీలు నేస్తోంది.

"ఈ తూరి రాకుంటే మగ్గం లోపలికొస్తాది, బల్ల వీధిలోకి పోతాది," అంది సురేఖ. "ఆ బెంచీ మీద ఇంతవరకు కూర్చున్నది మన పిల్లి ఒకటే."

"ఈ తూరి ఖాయం. సభలు నిండాల, అంతే."

మొదటి సభ అణైకట్‌లో. సభకు వచ్చినవాళ్లకు బిర్యానీ పొట్లం ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. పొట్లం చేతిలో పడగానే లేచిపోవడం కూడా ఆనవాయితీయే. ఆదిమూలం దాన్ని సంస్కరించారు. బిర్యానీ డేక్సాను వేదిక పక్కనే పెట్టించారు. మూత చుట్టూ మైదా ముద్ద అంటించి, పైన నిప్పులు పోయించారు. ప్రసంగం అయ్యేదాకా మూత తీయకూడదు. అతి తిండి వల్ల వచ్చే జబ్బులన్నిటి గురించి ఆయన మాట్లాడారు. ఒక్కరూ లేవలేదు. ఆయన రాజకీయ జీవితంలో జనం చివరిదాకా కూర్చుని విన్న సభ అదే మొదటిది.

రెండో సభ వేలూరులో. ఈసారి కొన్ని పొట్లాల్లో మటన్, కొన్నింట్లో ముక్కలు లేని కుస్కా. ఎవరికి ఏది వస్తుందో విప్పేదాకా తెలియదు. ఒక పెద్దాయనకు కుస్కా వచ్చింది. ఇంకో వరుసలో నిలబడ్డాడు. మళ్లీ కుస్కాయే. మూడో వరుసలోకి నడిచాడు.

"చూసినావా తంబీ, సైన్సు," అన్నారు ఆదిమూలం.

చివరిది గుడియాత్తం. వంట మాస్టర్ జెబకుమార్ సరుకులు చూసుకుని యోగానంద్‌ను పిలిచాడు.

"అణ్ణా, ఉల్లిపాయలొచ్చినాయి, పుదీనా వచ్చింది, నెయ్యొచ్చింది. బియ్యం యాడ? మటన్ యాడ?"

"అవి రావప్పా. వీటినే అడుగున వేయించి మూత పెట్టెయ్. వాసన పోయేదానికి సందొకటి వదులు."

"నేను మాస్టర్ని నాయనా. ఉత్త వాసన ఇంతవరకు వండలేదు."

"ఇది తిండి తగ్గించే సభ గదప్పా. అన్నం పెడితే యెట్ల తగ్గుతాది?"

జెబకుమార్ కత్తి అందుకున్నాడు. ఉల్లిపాయలు కోశాడు.

గాలి బస్టాండు వైపు వీచింది. తిరుపత్తూరు బస్సులో కూర్చున్నవాళ్లు దిగి వచ్చారు. మైదానం నిండి, గోడల మీద కూడా ఎక్కారు. ప్రసంగం ముగిసింది. జెబకుమార్ నిప్పులు దులిపి, మైదా పగలగొట్టి, మూత ఎత్తాడు. ముందు వరుసవాళ్లు తొంగిచూశారు. అడుగున మాడిన ఉల్లిపాయలు. యోగానంద్ వేదిక వెనక దారి ఎటుందో చూసుకున్నాడు.

ఆదిమూలం మైకు అందుకున్నారు.

"మీ నోట్లో ఇప్పుడు నీళ్లూరినాయి గదా, అదే ఆ కుట్ర! దాన్ని పట్టి మీకు చూపించిన పార్టీ ఇంకోటి ఉండాదా? ఒక్క మెతుకు తినకుండా గెలిచినారు. గుడియాత్తం గెలిచింది!"

ముందు వరుసవాళ్లు ఇంకోసారి డేక్సాలోకి తొంగిచూశారు. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. వెళ్లిపోతూ ఒకావిడ ఖాళీ గిన్నె చంకన పెట్టుకుని యోగానంద్ దగ్గర ఆగింది.

"సరే నాయనా, తర్వాతి సభ యాడ?"

మర్నాడు టికెట్లు ప్రకటించారు. యోగానంద్ వార్డు ఆదిమూలం బావమరిదికి దక్కింది. యోగానంద్ వేలూరులో పార్టీ ఆఫీసుకు వెళ్లాడు. నాయకుడు క్యారియర్ విప్పుకుని తింటున్నారు.

"నువ్వు లేకుంటే ఆ మైదానం నిండేదా తంబీ? వచ్చే తూరి నీకే."

"కచ్చితంగానా తలైవరే?"

ఆదిమూలం ఒక ఎముక తీసుకుని వాసన చూశారు. "చూద్దాం," అన్నారు.

యోగానంద్ ఇల్లు చేరేసరికి బల్ల వీధిలో ఉంది. బెంచీ మీద పిల్లి ఉంది. సురేఖ మగ్గం కొయ్యను ఒక కొన పట్టుకుని గదిలోకి ఈడుస్తోంది.

"ఏమన్నాడు?"

"వచ్చే తూరి నాకేనంట. చూద్దామన్నాడు."

అంటూ అతను బల్ల ఒక కొన ఎత్తి, గది వైపు తిప్పాడు. సురేఖ కొయ్య కింద పెట్టి అతని మొహం చూసింది.

"యాడన్నా తినొచ్చినావా?"

"లేదే."

"మరి ఆ గుటకలేందయ్యా?"