పసుపు గొట్టం ఎవరికి?

ఆ ఉదయం లిఫ్టుల ఇన్‌స్పెక్టర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. డైవింగ్ దుకాణానికి వెళ్లి, నీటి అడుగున ఊపిరి అందించే రెగ్యులేటర్‌కి తోడుగా ఒక స్పేరు కొనాలి. దుకాణం వెనక కొలనులో భార్యతో కలిసి ఒకసారి మునిగి చూడాలి. భోజనం వేళకి ఇల్లు చేరాలి. మర్నాడు ఇద్దరూ మొదటిసారి సముద్రంలోకి దిగబోతున్నారు. పళ్ల డాక్టరైన భార్య ఆ మర్నాటి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసింది. ఆయనకి మాత్రం వారం నుంచి కంటిమీద కునుకు లేదు. తాడు తెగితే ఏమవుతుందని ఆలోచించడమే ఉద్యోగమైన మనిషికి నిద్ర ఎలా పడుతుంది?

దుకాణంలో కోచ్ రెండు అమరికలు బల్లమీద పరిచాడు. "మొదటిది మామూలు పద్ధతి సార్. పసుపు గొట్టంతో స్పేరు పక్కన వేలాడుతుంటుంది. తోటివాళ్లకి గాలి అయిపోతే అదిస్తారు. రెండోదాంట్లో మీ నోట్లో ఉన్నదే తీసి వాళ్లకిచ్చేసి, మీరు మెడకి కట్టుకున్న స్పేరు పెట్టుకుంటారు."

"నోట్లోది తీసి ఇవ్వడమేంటయ్యా? మొదటిదే ఇవ్వు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

భార్య పసుపు గొట్టం చివర పట్టుకుని చూసింది. "అంటే, ఇసుకలో ఈడ్చుకొచ్చింది నాకు, శుభ్రమైంది మీకు. అంతేనాండీ?"

"ఇది మాత్రం తక్కువ తిందా? చూడు!" అంటూ ఆయన దాన్ని సిలిండరుకి బిగించి బటన్ నొక్కాడు. గాలి బుస్సుమంది.

"అంత బాగుంటే అది మీరే పెట్టుకోండి. నోట్లోది నాకివ్వండి."

జవాబు లేనప్పుడు నోరు మూసుకునే అలవాటు ఆయనకి లేదు. "పోనీ, గొడవెందుకు? చెరో చిన్న సిలిండరు వేరుగా తగిలించుకుందాం. నీది నీకు, నాది నాకు," అని రాజీకి వచ్చాడు. దాంతో ఆవిడ అగ్గిమీద గుగ్గిలమైంది.

"ఆపదొస్తే ఎవరి దారి వాళ్లదన్నమాట! రేపు మీతో నేను దిగను," అని బయటికి వెళ్లి తల్లికి ఫోన్ చేసింది.

తల్లి విన్నది సగం. ఆ సగానికి మరో ముప్పావు కలిపి ఇన్‌స్పెక్టర్ అక్కకి చేరవేసింది. ఆయన ఆ సిలిండరు మోసుకుని కొలను గట్టుకి చేరేలోపే ఫోన్ మోగింది.

"ఏరా, వేరు పడదామన్నావట?" అంది అక్క.

"సిలిండర్లు వేరుగా అన్నానక్కా! అసలు స్పేరు ఇస్తాననే కదా చెప్తున్నా. ఎంత బాగా పనిచేస్తుందో నువ్వే విను," అంటూ స్పేరుని ఫోన్ దగ్గర పెట్టి బటన్ నొక్కాడు.

"ఆ బుసలేంట్రా? పిల్లని పాములున్న నీళ్లలోకి దింపుతున్నావా?"

పాము కాదని నిరూపించడానికి ఇంకాసేపు నొక్కాల్సి వచ్చింది. ఇంతలో అత్తగారు టాక్సీ దిగి, తలుపు వేయడం కూడా మరిచి పరిగెత్తుకొచ్చింది. "అల్లుడుగారూ, మా అమ్మాయిని సముద్రంలో వదిలేస్తారట?" ఆవిడకీ నొక్కి చూపించాడు. నమ్మకం చాలక ఆవిడే స్వయంగా నొక్కి చూసింది. డబ్బుల కోసం వెనకే వచ్చిన టాక్సీ డ్రైవర్ కూడా ముచ్చటపడి ఒకసారి నొక్కాడు.

చివరికి భార్యే కొలను దగ్గరికి వచ్చి తెగేసి చెప్పింది. "కొలనులో ఒక్కసారి దిగుదాం. మీమీద నమ్మకం కుదిరితే రేపు మీతో వస్తా. లేకపోతే లేదు."

"గాలి మీటరు చూసుకున్నారా సార్?" ఇద్దరికీ మొదటి పద్ధతిలోనే పసుపు గొట్టాలు తగిలిస్తూ అడిగాడు కోచ్.

"పొద్దున్నే చూశా. తనిఖీలు నాకు నేర్పుతావా?" అంటూ ఆయన నీళ్లలోకి దిగాడు.

అడుగుకి చేరాక పసుపు గొట్టం తీసి భార్యకి ఠీవిగా అందించబోయాడు. అందించేలోపే ఊపిరి బరువెక్కింది. తర్వాతి ఊపిరి అసలు రానేలేదు. నోట్లోదైనా, స్పేరైనా తాగేది ఒకే సిలిండరులోని గాలి. ఆ గాలంతా ఉదయం నుంచి ఆయన వాదనలకే ఖర్చయిపోయింది.

భార్య నడుము పక్కన ఆమె పసుపు స్పేరు ఎదురుగానే వేలాడుతోంది. దానివంక ఆయన కన్నెత్తి చూస్తే ఒట్టు. రెండు చేతులతో ఆమె నోట్లోది లాగేసుకుని తన నోట్లో కుక్కుకున్నాడు.

ఆమె తొణకలేదు. భయపడ్డవాళ్లతో రోజూ వేగే మనిషి. తన స్పేరు తాను అందుకుని, రెండు ఊపిర్లు పీల్చి, భర్త భుజం పట్టుకుని నెమ్మదిగా పైకి తీసుకొచ్చింది.

గట్టుమీద అత్తగారు గోలగోలగా ఏడుస్తోంది. భార్య ముఖం తుడుచుకుంటూ కోచ్‌తో అంది: "రేపు ఈయనతో నేనే దిగుతాను. పక్కన ఇంకెవరున్నా ఈయనతో బతికి బయటపడరు. ఇద్దరికీ ఆ రెండో పద్ధతే బిగించండి."

ఇన్‌స్పెక్టర్ కళ్లు చెమర్చాయి. రెగ్యులేటర్‌ని పళ్ల మధ్య నుంచి వదలకుండానే, "ఇకమీదట నా నోట్లోది నీకే ఇస్తానే," అని ముద్దముద్దగా మాటిచ్చాడు.

"ఇవ్వడం సంగతి తర్వాత చూద్దాం," అంది భార్య. "ముందు నాది నాకిచ్చేయండి."